మాయమైన పది పలకలు

సోమవారం పొద్దున్న ఏడు గంటలకు కిరణ్మయి ప్రదర్శన గది తలుపు తీసేసరికి, దొంగతనం చేయకు అని రాసి ఉన్న పలకతో సహా పది ఆజ్ఞలూ దొంగతనానికి గురయ్యాయి.

ప్రాచీన చట్టాల ప్రదర్శనలో మిగతావన్నీ ఉన్నాయి. నల్లరంగు వేసిన థర్మకోల్ రాతి మీద హమురాబి రాజు గడ్డంతో సహా భద్రంగా నిలబడి ఉన్నాడు. అతనికన్నా మూడు వందల ఏళ్ళు ముందటివాడైన ఉర్-నమ్ము రాజు చట్టాల అట్ట ఉంది. అశోకుడి జౌగఢ్ శాసనం ఉంది. టీ డికాషన్‌లో ముంచి పాతకాలపు రంగు తెప్పించిన ఈజిప్టు కాగితం చుట్ట కూడా ఉంది. బైబిల్లోని మోషే ఆజ్ఞల బల్ల ఒక్కటే ఖాళీ. పిల్లలు రెండు నెలలు కూర్చుని చేసి, కుమ్మరి దగ్గర కాల్పించుకొచ్చిన మట్టి పలకలవి. బల్ల మీది గుడ్డ కూడా నలగలేదు.

కిరణ్మయి స్టూలు మీద కూలబడింది. కొరాపుట్ కొండల మీద ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో ఉన్న ఆ స్కూల్లో ఆమె హిస్టరీ టీచరు. ప్లస్‌టూలో హిస్టరీ తీసుకున్న పిల్లలు పదకొండు మందే. ఆ గది కంప్యూటర్లకు కావాలని ప్రిన్సిపాల్ ఏడాదిగా గొణుగుతున్నాడు. శుక్రవారం తేల్చి చెప్పేశాడు. రాయగడ ప్రదర్శనలో మొదటి మూడు స్థానాల్లో ఒకటి వస్తే హిస్టరీ ఉంటుంది, రాకపోతే జూన్ నుంచి ఉండదు.

జీపు ఎనిమిదింటికి కదలాలి. ఒంటిగంటకు రాయగడలో జడ్జి వస్తాడు. బిస్సమ్ కటక్‌లో ఉండే రిటైర్డ్ హెడ్‌మాస్టారాయన. కిందటేడు ఎవరో కళింగ యుద్ధం జరిగిన సంవత్సరం తప్పు రాస్తే, ఆ స్కూలు ప్రదర్శన మొత్తానికి సున్నా చుట్టి ఇంటికి పంపించాడు. అలాంటి మనిషికి ఖాళీ బల్ల చూపించి ఏం చెబుతుంది?

ఏడుపు ఆగలేదు. వాచ్‌మన్ గున్నయ్య గ్లాసుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. స్కూల్లో బల్లలు బాగుచేసేదీ, బోర్డులకు రంగు వేసేదీ కూడా అతనే.

"ఏటమ్మీ, పదీ పోయేయా? ఒక్కటైనా మిగల్లేదా?" అంటూ ఫిజిక్స్ సుందరరావు మాస్టారు వచ్చాడు. ఆయన సోలార్ పొయ్యి కూడా అదే జీపులో రాయగడ వెళ్ళాలి. "మీ హమురాబి ఉన్నాడు గదా, ఆయన్నడుగు. దొంగనేటి చేస్తాడు?"

"గుడి సొమ్మో కోట సొమ్మో అయితే చంపించేస్తాడు."

"మరి బడి సొమ్మయితే?"

"బడి గురించి రాయలేదు."

"అమ్మయ్య."

కిరణ్మయి తలెత్తి చూసింది. "ఎందుకు మాస్టారూ అమ్మయ్య?"

"ఊరికే అన్నానమ్మీ. అలా చూడకు, నాకు భయమేస్తాది."

శనివారం సాయంత్రం ఆమె తాళం వేసి వెళ్ళాక, ఆదివారం ఆ గదిలోకి ముగ్గురు వచ్చారు. పొయ్యి సరిచూసుకోడానికి సుందరరావు, ఖాళీ పెట్టెలు జీపులో పడేయడానికి డ్రైవరు బిజయ్, ఇద్దరికీ తాళం తీసిన గున్నయ్య. ముగ్గురూ తమకేమీ తెలియదన్నారు. ముగ్గురూ ఇప్పుడు జీపులో ఆమెతో రాయగడ వచ్చేవాళ్ళే.

"ఉన్నవాటితోనే వెళ్దాం," అంది కిరణ్మయి కళ్ళు తుడుచుకుని.

"ఐగుప్తు కాగితం నాను పట్టుకుంటానమ్మా, నలిగిపోద్ది," అంటూ గున్నయ్య ఈజిప్టు చుట్ట చేతిలోకి తీసుకున్నాడు.

జీపు కదిలింది. వెనక సీట్లో కిరణ్మయి, ఎదురుగా గున్నయ్య, డ్రైవరు పక్కన సుందరరావు.

"ఏట్రా బిజయ్, ఈ రంగు వాసన?" అన్నాడు సుందరరావు.

"మా జీప్ వాసన సార్. పాత బండి, రోజుకొకటి కొడుతుంది."

జీపు లక్ష్మీపూర్ దాటింది. కిరణ్మయి హఠాత్తుగా గున్నయ్య చేతిలోంచి కాగితం చుట్ట తీసుకుంది. సంచిలోంచి తెల్ల కోడి ఈక తీసింది. రాయగడలో చూడ్డానికొచ్చినవాళ్ళ చేత పట్టించాలని తెచ్చుకున్న ఈక అది.

"దారి పొడుగునా ఊరికే కూర్చోవడం దేనికి? ఒక ఆట ఆడదాం," అంది. "కన్ను పొడిస్తే ఉర్-నమ్ము వెండి కట్టమంటాడు. హమురాబి కన్నే ఇమ్మంటాడు. మోషే ముందుగానే చేయకు అంటాడు. అశోకుడు కూర్చోబెట్టి మంచి మాటలు చెబుతాడు."

"మా మామ లాగా," అన్నాడు బిజయ్. "నిన్న పొద్దున్న దసమంతపూర్‌లో మూడు ఘంటా చెప్పినాడు."

"ఈజిప్టువాళ్ళ పద్ధతి వేరు. చచ్చిపోయినవాడు దేవుడి ముందు నిలబడి, ఫలానా తప్పు నేను చేయలేదు అని ఒక్కొక్కటే తన నోటితో చెప్పుకోవాలి. తక్కెడ ఒక పళ్ళెంలో వాడి గుండె, రెండో పళ్ళెంలో ఈక. అబద్ధమాడితే గుండె బరువెక్కిపోతుంది. ఇందులో నలభై రెండున్నాయి. ముందు మాస్టారు చదువుతారు."

సుందరరావు ఈక పట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "నేను దొంగతనం చేయలేదు. నేను అబద్ధమాడలేదు. నేను కోపంతో ఊగిపోలేదు. నేను అతిగా..." ఆగిపోయాడు.

"చదవండి మాస్టారూ."

"నేను అతిగా మాట్లాడలేదు." అని, కాస్త ఆలోచించి, "ఇక్కడ నా గుండె జీపుని కూడా ముంచేస్తాదమ్మీ," అని ఈక బిజయ్ చెవి మీద దోపాడు.

బిజయ్‌కి తెలుగు చదవడం రాదు. కిరణ్మయి చెబుతుంటే స్టీరింగ్ వదలకుండా ఒక్కొక్కటీ తిరిగి అన్నాడు. దొంగతనం దగ్గర తడుముకోలేదు. 'నేను చాటునుంచి ఎవరి మాటలూ వినలేదు' దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. "డ్రైవర్‌కి ఇది అన్యాయం మేడం. వెనక సీట్లో మీరు మాట్లాడుతుంటే చెవులు ఎక్కడ దాచేది?"

కిరణ్మయి కూడా నవ్వేసింది, ఆ పొద్దున్నకి మొదటిసారి. ఈక గున్నయ్య చేతికొచ్చింది.

అతను అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. దొంగతనం చేయలేదన్నాడు, గొంతు కొంచెం తగ్గింది గానీ అన్నాడు. అబద్ధమాడలేదన్నాడు. అతిగా మాట్లాడలేదన్నాడు, అది అందరికీ తెలిసిందే. ఆ తరవాతి వరుస మీద వేలు పెట్టి ఊరుకున్నాడు.

కిరణ్మయి వంగి చూసింది. 'నేను ఎవరినీ ఏడిపించలేదు' అని ఉందక్కడ.

"బిజయ్ బాబూ, బండాపు," అన్నాడు గున్నయ్య.

జీపు రోడ్డు పక్కన ఆగింది. అతను కిందికి దిగి, మెడలో తువ్వాలు తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"మీరు కూకున్న సీటు కిందే ఉన్నాయమ్మా, గోనెసంచిలో. గడ్డి సుట్టి పెట్టేను. ఒక్కటీ బీటలివ్వనేదు. తీసింది నానే."

కిరణ్మయి చటుక్కున లేచి, సీటు కింద చెయ్యి పెట్టి సంచి లాగింది. పైన ఉన్నది దొంగతనం పలకే. తను వేయించిన తెల్లని ఎనిమిది అంకె అలాగే ఉంది. దాని పక్కన, ఇంకా పూర్తిగా ఆరని ఎర్రరంగుతో, అందమైన ఏడు.

"ఏమిటిది గున్నయ్యా?"

"మాది లూథరన్ సర్చి అమ్మా. మాకు దొంగతనం ఏడో ఆజ్ఞ. శనివారం మీరు పలకలు వరసలో పెడతంటే ఎనిమిదని కనబడింది. సిన్నప్పుడు పొట్టంగి హాస్టల్లో నాను ఎనిమిదంటే ఒక మాస్టారు సెవి మెలేసేరు. ఆ మాస్టారే ఇయ్యాల మీ జడ్జి. ఎమ్మే సదివిన మీకు నాను సెప్పడమేటని నోరు రానేదు. నిన్న ఆరాధనయ్యాక పాస్టరుగారిని అడిగేను. ఆయన నవ్వేడు. రెండూ ఒప్పే, మాటలవే, లెక్కెట్టడమే ఒక్కో సర్చి ఒక్కోలాగ అన్నాడు. విగ్రహాల సంగతి మేం మొదటిదాన్లోనే కలిపేస్తాం. ఆఖర్ని ఆశపడొద్దన్నదాన్ని రెండు సేస్తాం. అందుకని మీ అంకె సెరపనేదు, పక్కన మాది ఏసేను. మొదటి రెండు పలకలకీ ఒకటే, ఆఖరి పలకకి తొమ్మిదీ పదీ. ఎలగ కూడినా పదే."

కిరణ్మయి పలకలు ఒక్కొక్కటే తీసి సీటు మీద వరసగా పేర్చింది. రాజుకీ రాజుకీ, దేశానికీ దేశానికీ తేడాలు వెతుకుతూ రెండు నెలలు గడిపింది తను. ఒకే పది మాటల్ని తన ఊళ్ళోనే ఇంకోలా లెక్కపెడుతున్నారని తెలియలేదు. ఆ బిస్సమ్ కటక్ మాస్టారు సున్నా చుట్టేవాడు కాదేమో గానీ, దొంగతనం ఏడో ఆజ్ఞ కాదా అని మాత్రం అడక్కుండా వదిలేవాడు కాదు. తన దగ్గర జవాబు ఉండేది కాదు.

సుందరరావు ముందు సీట్లోంచి మెడ తిప్పి పలకల్ని చూశాడు. "అమ్మీ, కంప్యూటర్లకి ఇంకో గది చూసుకోమని మన ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసీ. మూడింట్లో ఒకటి నీదే."

కిరణ్మయి నవ్వుతూ, "మరి పొద్దున్నే చెప్పొచ్చు కదా గున్నయ్యా. ఎక్కు బండి," అంది.

గున్నయ్య ఎక్కలేదు.

"ఉండండమ్మా, సెప్పడం అవనేదు. రంగు ఆర్లేదని బల్ల మీదెట్టకుండా సంచిలో ఇక్కడెట్టేను. రాయగడలో మీకంటే ముందు దిగి బల్ల మీద సర్దేద్దామనుకున్నాను. మీరు ఏడింటికే వచ్చీసేరు. ఏడుస్తా కూకున్నారు. అది సూసేక నోరు పెగల్నేదు. నాను పని సేయకూడని ఆదివారం పని సేసేను. అది మీ లెక్కన నాలుగు, మా లెక్కన మూడు. మీకు సెప్పకుండా పలకలు తీసేను. మీకు ఎనిమిది, మాకు ఏడు. తిరిగి పెట్టీసేది దొంగతనం ఎలగవుద్దని నాకు నానే సెప్పుకుని, ఇందాక ఈక పట్టుకుని అబద్ధం సదివేసేను. మీకు తొమ్మిది, మాకు ఎనిమిది. జడ్జి మాస్టారు ముందు నిలబడి రెండు లెక్కలూ నానే సెప్తాను, మళ్ళీ సెవి మెలేసినా సరే. కానీ మిమ్మల్ని ఏడిపించేను సూడండి, అది ఏ లెక్కలోనూ నేదమ్మా. పది పలకలూ రాత్రి నా సేతుల్తో తుడిసేను గదా, ఎక్కడా నేదు. అది మీ ఐగుప్తు కాగితం మీదే ఉంది."