ఎవరూ బోరెయ్యలేని పాయింటు

మా వీధి కోటయ్య పెదనాయన చూసిన బోరు పాయింట్లు వరసగా మూడు ఫెయిలయ్యాయి. మూడోది మా చర్చి ఆవరణలో. తొమ్మిది వందల అడుగులు దించితే దుమ్మొచ్చింది. ఆ తర్వాత కొనకనమిట్ల చుట్టుపక్కల ఆయన్ని పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ముప్పై ఏళ్లు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూపించిన మనిషి, మా అరుగు మీద ఊరికే కూర్చునేవాడు.

నేను బట్టలు కుడతాను. మధ్యలో ఫోనులో నక్షత్రాలు చూస్తాను. జాతకాలు కాదురా నాయనా అని నెత్తీనోరూ బాదుకున్నా మావాళ్లు వినరు. టెలిస్కోపు పట్టిన నక్షత్రం వెలుగు ఫోనులో ఒక గీతలా వస్తుంది. దాని చుట్టూ తిరిగే గ్రహం అడ్డమొస్తే ఆ గీత కాస్త కిందికి దిగుతుంది. దిగినచోట నాలాంటి జీతంలేని వాళ్లు గుర్తు పెడతారు, అది గ్రహమో కాదో శాస్త్రజ్ఞులు తేలుస్తారు. రెండేళ్లకు నా గుర్తు ఒకటి, గ్రహమే కావచ్చని, వాళ్ల పరీక్షకు వెళ్లింది.

"ఆడ నీళ్లుండాయా?" అంది అమ్మ. ట్యాంకరు కోసం కాచుకునే మనిషి ఇంకేమడుగుతుంది!

"నాకేం తెలుసు?"

"తెలిసినాయన అరుగు మీదనే ఉండాడు గదా."

పెదనాయన స్నానం చేసి వచ్చాడు. ఆ గీత ఉన్న ఫోను నేలమీద పెట్టించి, అరచేతిలో కాయ పడుకోబెట్టుకుని, చుట్టూ మూడుసార్లు తిరిగాడు. కాయ నిటారుగా లేచింది.

"రెండు జలలు ఉండాయి జెస్సమ్మా," అన్నాడు నాతో.

"ఎన్ని అడుగుల్లో బావా?" అంది అమ్మ.

"నాలుగొందలు."

మర్నాటికి వీధంతా అదే మాట. పాస్టరు శ్యాంసన్ గారైతే ఎన్ని హెచ్‌పీల మోటారు సరిపోతుందని అడిగాడు. అక్కడికి బోరు బండి వెళ్లదు, పెదనాయన మాట తప్పనేవాడు లేడు. బేస్తవారిపేట నుంచి ఒక రైతు పాయింటు చూడమని కబురంపాడు. పెదనాయన మళ్లీ మీసం దువ్వాడు.

పది రోజులకు, అరుగు నిండా జనం ఉండగా, శాస్త్రజ్ఞుల మెసేజ్ వచ్చింది. అది గ్రహం కాదట. రెండు నక్షత్రాలు ఒకదానికొకటి అడ్డమొస్తున్నాయట. రెండూ నిప్పే.

"ఏందమ్మా, ఏం రాసినారు?" అన్నాడు పెదనాయన.

అందరూ వినేలా చెప్పాను. "నీ తప్పేం లేదు పెదనాయనా. నా పాయింటే ఫెయిలయింది."

ఆయన పక్కనున్న కొబ్బరికాయ చేతిలోకి తీసుకున్నాడు.

"నీకెన్నోది?" అన్నాడు.

"మొదటిది."

"నాకిది నాలుగోది," అన్నాడు, అందరూ వినేలాగే. నా పక్కకు జరిగి కొబ్బరికాయ నా చేతిలో పెట్టాడు. "ఈసారి నువ్వు పట్టుకో. ఫోనులో ఇంకో చుక్క తియ్యి."