ఎనిమిది కొలతలు

ఇవాళ ఈ ఇంట్లో ఐదుగురం ఉన్నాం, కొత్త ఇంట్లో అడుగుపెడితే ముందు మనుషుల్ని లెక్కపెట్టుకోవడం నాకు అలవాటు, ఎంతమందికి జవాబు చెప్పాల్సి వస్తుందో తెలిస్తే కాస్త ఊపిరాడుతుంది, ముందు గదిలో లీడరమ్మ, మా నలుగురి టీంకి లీడర్, ఇల్లు వాళ్ళదే, వంటింట్లో వాళ్ళమ్మ, ఆస్పత్రిలో నర్సు, ఇవాళ ఆవిడకి సెలవు, వరండాలో స్కేలు, చంకలో ఎప్పుడూ పొడుగాటి స్కేలుంటుందని ఆ పిల్లకి ఆ పేరు, మా డ్రాయింగులన్నీ తను గీసినవే, ఎదురుగా గోడకి చేరగిలబడి గున్న, తొంభై ఆరు కిలోలు, మీరెవరో పెట్టేలోపు నేనే పెట్టేసుకుంటే పోలా అని కాలేజీలో చేరిన మొదటి రోజే ఆ పేరు తనే పెట్టుకున్నాడు, వాళ్ళిద్దరి మధ్య మేం చేసిన ఇనప మెట్ల స్టాండు, పచ్చరంగు వేసి తళతళలాడుతోంది, ఇక ఐదోదాన్ని నేను, లోపలి గదిలో, లీడరమ్మ చదువుకునే బల్ల దగ్గర, కంప్యూటర్ ముందు, నాకు వాళ్ళు పెట్టిన పేరు సైలెంటు, ఐదు గంటల్లోగా ల్యాబు సర్‌కి మెయిల్ వెళ్ళాలి, ఇప్పుడు నాలుగూ పది.

తెర మీద చిన్న గీత వెలుగుతూ ఆరుతోంది, దాని ముందు నేను రాసిన ఆఖరి వాక్యం, మెట్లని మోసే ఎనిమిది బ్రాకెట్ల మందాన్నీ కొలిచి సరిచూశాం, పట్టిక జతచేస్తున్నాం, మెయిల్ బాగా కుదిరింది, అదే నా భయం, ఎక్కడా తడబాటు లేదు, విషయం అన్నచోట మెట్ల స్టాండు, రేపటి బరువు పరీక్షకి అనుమతి కోసం అని పెట్టాను, బస్సెక్కబోతున్న మనిషికి కూడా ఆ ఒక్క లైను చదివితే సంగతి తెలియాలని కమ్యూనికేషన్ మేడం చెప్పారు, మొదటి వాక్యంలోనే పని చెప్పండి, టీంలో అందరికీ కాపీ పెట్టండి, రేపు నాకు తెలీదే అని ఎవరూ అనకూడదు, ఎవరు ఏ పని చేశారో విడివిడిగా రాయండి, ఆవిడ చెప్పిందల్లా నోట్సులో ఎక్కించుకుని హాస్టల్లో మళ్ళీ మళ్ళీ రాసి చూసుకునేదాన్ని, రాయడంలో ఎవరూ నా మొహం చూడరు, అందుకే అది నాకు వస్తుంది, మూడో వారం మేడం నా మెయిల్ క్లాసులో పైకి చదివి ఎవరమ్మా ఇది అన్నారు, లేచి నిలబడ్డాను గానీ నేనే అనలేకపోయాను, గున్న వెనక బెంచీ నుంచి, ఇదిగోండి మేడం, మాట్లాడదు గానీ రాస్తుంది అన్నాడు, క్లాసంతా నవ్వింది, మేడం కూడా నవ్వారు, వాళ్ళు ముచ్చటపడే నవ్వారని ఇప్పుడు అనుకుంటే తెలుస్తుంది, అప్పుడు మాత్రం రెండు రోజులు అన్నం సహించలేదు.

నేను కొలవలేదు, ఈ రెండు మాటలు ఐదు వారాలుగా గొంతులో ముల్లులా ఉన్నాయి, మింగినా దిగవు, పనులు పంచుకున్న రోజు కొలతలు ఎవరు తీస్తారంటే తల వంచుకుని కూర్చున్నాను, తల వంచుకున్నవాళ్ళకి మిగిలిపోయిన పని వస్తుంది, వెర్నియర్ కాలిపర్ చూడటం వచ్చుగా అంది లీడరమ్మ, వచ్చు అన్నాను, మా ఊరి బళ్ళో అద్దాల బీరువాలో ఉండేది, బీరువాకి తాళం, తాళంచెవి హెడ్మాస్టరు గారి జేబులో, బొమ్మ గీసి భాగాల పేర్లు రాస్తే ఐదు మార్కులు, నాకు ఐదుకి ఐదూ వచ్చాయి, ఇక్కడ ల్యాబులో దాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకుంటే చల్లగా, అనుకున్నదానికన్నా బరువుగా ఉంది, బ్రాకెట్ని దాని దవడల మధ్య పెట్టి బిగించాను, గీతలు, చీమల బారులా గీతలు, పైన ఉన్నవాటిలో ఏది కిందున్న దేనితో కలిసిందో, అన్నీ కలిసినట్టే ఉన్నాయి, ఏదీ కలవనట్టూ ఉంది, వెనక ఇంకో టీం వాళ్ళు, ఏంటి తల్లీ, ఇవాళవుతుందా అంటున్నారు, ల్యాబు అసిస్టెంటు రెండడుగుల దూరంలో ఉన్నాడు, సర్ ఇదెలా చూడాలి అంటే అయిపోయేది, నాలిక చివరిదాకా వచ్చింది, ఇది కూడా రాకుండా ఇంజనీరింగుకి వచ్చావా అంటాడేమో, వెనకవాళ్ళు నవ్వుతారేమో, డ్రాయింగులో మూడు మిల్లీమీటర్లు అని ఉంది గనక మూడు అని వేశాను, తర్వాతది మూడు, అన్నీ మూడే అయితే అనుమానం వస్తుందని ఒకచోట రెండు పాయింట్ తొమ్మిది, ఇంకోచోట మూడు పాయింట్ ఒకటి, అంత వణుకులోనూ ఆ తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఆ రోజు డైరీలో ఇవాళ కొలతలు తీశాను అని రాసుకున్నాను, నేను తప్ప ఇంకెవరూ చదవని డైరీలో.

ఏయ్ సైలెంటూ, మెయిల్ రాస్తున్నావా నవల రాస్తున్నావా, బయట గున్న గొంతు, అయిపోవచ్చింది అన్నాను, నాకే వినపడలేదు, స్కేలు అంటోంది, రేపు స్టాండెక్కే ముందు టిఫిన్ మానెయ్ రా బాబూ, టీం బాగు కోరి చెబుతున్నా, గున్న, చాల్లేవే, రెండు ఎక్కువే తింటా, నిలబడితే మీ డ్రాయింగు గొప్ప, కూలితే నా తిండి తప్పు, ఎలాగూ మాట పడేది నేనేగా, లీడరమ్మ పకపకా నవ్వుతోంది, రేపు ఎక్కేది గున్నే, మా ల్యాబు పద్ధతి అది, టీంలో అందరికన్నా బరువున్న మనిషి భుజాన ఇసుక సంచీ పెట్టుకుని పై మెట్టు మీద రెండు నిమిషాలు నిలబడాలి, మీరు చేసింది మీరే నమ్మకపోతే ఎలా అంటారు సర్, ఆయన మెయిల్లో కొలతల పట్టిక చూసి సరే అంటారు, మళ్ళీ ఎవరూ కొలవరు, పై మెట్టు నాలుగడుగుల ఎత్తు, కింద సిమెంటు గచ్చు, బ్రాకెట్లు కొన్న రోజు గున్న ఒక మాట అన్నాడు, డబ్బాలో తక్కువైతే కొట్టాయన ఇంకో డబ్బాలోంచి తీసి కలిపాడు, అన్నీ ఒకటేలే బాబూ అన్నాడు అని, ఒకటే అయ్యుండొచ్చు, కాకపోయుండొచ్చు, రంగేశాక అన్నీ ఒకేలా ఉన్నాయి, అన్నీ మూడే అయితే నేను ఇంత వణికిందంతా వట్టిదే, పంపేస్తాను, రేపు రెండు నిమిషాలు, నూట ఇరవై లెక్కపెడితే అయిపోతుంది, మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ఆంటీ అన్నారు, స్టూళ్ళ మీంచి పడ్డవాళ్ళే మా ఆస్పత్రికి వారానికి ఇద్దరొస్తారమ్మా, మొన్నొకాయన మూడడుగుల మీంచే పడ్డాడు, తుంటి ఎముక ముక్కలైంది, గున్న ముద్ద నములుతూ, ఆంటీ, అన్నం దగ్గర కాస్త మంచి మాటలు చెప్పండి, ఎక్కబోయేది నేను అన్నాడు, అందరం నవ్వాం, నేనూ నవ్వాను, వాడి కాళ్ళు చూస్తూ నేనూ నవ్వాను.

నాలుగూ ఇరవై ఎనిమిది, నాకు ఒంట్లో బాగాలేదు గనక పరీక్ష వాయిదా వెయ్యండి అని రాశాను, చెరిపాను, జ్వరం నాదైతే ఎక్కేది గున్న కదా, మా అమ్మకి బాగాలేదు, ఛీ, అది కూడా చెరిపాను, వంటింట్లోంచి ఆంటీ గొంతు, పాపా, అటక మీద అట్టపెట్టె దించాలి, ఆ కుర్చీ ఇలా తీసుకురా, లీడరమ్మ వస్తున్నానమ్మా అనేలోపు గున్న, కుర్చీ ఎందుకాంటీ, మన స్టాండు ఉండగా, ప్రారంభోత్సవం మీ చేతుల మీదుగా, సారీ, మీ కాళ్ళ మీదుగా, ఇనుము గచ్చు మీద కర్రుమని ఈడ్చిన చప్పుడు, అది వంటింటి దాకా వెళ్ళింది, ఆగింది, పర్లేదంటావా బాబూ, మీరు నాలో సగం కూడా లేరు, ఎక్కండి, చెప్పులు విడిచిన చప్పుడు, ఒక మెట్టు, నేను పంపు అన్న గుర్తు వైపు చూస్తున్నాను, రెండో మెట్టు, ఇనుము చిన్నగా కిర్రుమంది, కొత్త వస్తువులన్నీ అలాగే కిర్రుమంటాయేమో, కుర్చీ వెనక్కి పడింది, నేనే లేచాను, ఎక్కకండి, ఎక్కకండి, దిగండి ఆంటీ, ఎవరో అరుస్తున్నారు, అంత గట్టిగా అరిచే మనిషి ఈ ఇంట్లో ఎవరా అని కూడా అనుకున్నాను, వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను, నలుగురూ నన్నే చూస్తున్నారు.

నేను కొలవలేదు అన్నాను. ఏంటి కొలవలేదు, లీడరమ్మ. బ్రాకెట్లు. ఎన్ని. ఎనిమిదీ. మరి ఆ పట్టిక. ఊరికే రాశాను. ఊరికే రాయడమేంటే, లీడరమ్మ గొంతు పైకి లేచింది, మా అమ్మ ఎక్కిందే దాని మీద, నోరు లేదా నీకు, రాకపోతే రాదని చెప్పడానికి ఏం రోగం, ఆంటీ ఒక చెయ్యి గోడకి ఆనించి మెల్లగా దిగారు, దిగాక కూతురి భుజం పట్టుకున్నారు, ఉండవే, ముందు చూడండి, తర్వాత తిట్టుకోవచ్చు అన్నారు, స్కేలు సంచీలోంచి కాలిపర్ తీసింది, తన సొంతది, ఐదు వారాలుగా అది ఆ సంచీలోనే ఉందట, నేను రోజూ ఆ సంచీ పక్కనే కూర్చున్నాను, గున్న ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నాడు, అబ్బ, దీనికింత సీనా, అన్నీ బాగానే ఉంటాయి, చూస్తుండండి, పిల్లని బెదరగొట్టకండి అంటూ స్టాండుని పక్కకి వాల్చాడు, స్కేలు రంగు గీకి కొలుస్తోంది, మూడు, మూడు పాయింట్ ఒకటి, మూడు, నా ప్రాణం కాస్త లేచి వస్తోంది, మూడు, మూడు, మూడు, ఏడోది, ఆగింది, మళ్ళీ బిగించి కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది, రెండు, ఎనిమిదోది ఒకటి పాయింట్ తొమ్మిది, రెండూ పై మెట్టు కిందవే, ఎడమ పక్కవి, గున్న మోకాళ్ళ మీద వంగి ఏడోదాని అంచుని బొటనవేలితో తడిమాడు, ఒకసారి, ఇంకోసారి.

వెళ్ళి రాయి, లీడరమ్మ అంది, ఐదుకి ఇంకా పది నిమిషాలుంది, ఏం రాయను అన్నాను, జరిగింది రాయి, కొలవంది నువ్వు, కొలిచావా అని నిన్ను ఒక్కసారైనా అడగంది నేను, రెండూ రాయి, మార్కులు పోతే పోయాయి, ఆ మాట అంటూ మొహం తిప్పుకుంది, మార్కులు పోతే స్కాలర్‌షిప్పు పోయేది లీడరమ్మకి, అది నాకు తెలుసు, వచ్చి కూర్చున్నాను, మొదటి వాక్యంలోనే పని చెప్పాలి, సర్, రేపటి బరువు పరీక్షకి మా స్టాండు సిద్ధంగా లేదు, ఎనిమిది బ్రాకెట్లలో రెండింటి మందం రెండు మిల్లీమీటర్లే ఉంది, మీకు పంపబోయిన పట్టికలోని కొలతలు నేను తీసినవి కావు, ఊహించి రాసినవి, కాలిపర్ చూడటం నాకు రాదు, రాదని ఎవరికీ చెప్పలేదు, నా టీం వాళ్ళకి ఈ సంగతి ఇవాళే తెలిసింది, కొలతలు అయ్యాయా అని లీడర్ అడగలేదు, ఇది ఆమె రాయమన్న మాట, కొత్త బ్రాకెట్లు వేసి మళ్ళీ కొలిచాక తేదీ అడుగుతాం, కింద నా పేరు, పైన ముగ్గురికీ కాపీ, నొక్కాను, బయట మూడు ఫోన్లు ఒకదాని వెనక ఒకటి మోగాయి.

అడుగుల చప్పుడు, ఆ బరువు నాకు తెలుసు, గున్న గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో ఫోను, మెయిల్ చదువుతున్నాడు, కాలిపర్ చూడటం నాకు రాదు అన్నచోటికి వచ్చి ఉంటాడు, ఇప్పుడు నవ్వుతాడు, ఏదో ఒకటి అంటాడు, అననీ, ఎంత మాటైనా అననీ, నేను వాడి పెదాలనే చూస్తున్నాను, ఐదు వారాల కింద వీణ్ణే అడిగి ఉంటే పడీ పడీ నవ్వేవాడు, నవ్వుతూనే నా చేతిలోంచి లాక్కుని ఇదిగో మొద్దూ ఇలా అని చూపించేవాడు, గంటసేపు అందరికీ చెప్పి నవ్వించేవాడు, అంతే, అంతకన్నా ఏమీ అయ్యేది కాదు, నేను భయపడింది అంత చిన్నదానికి, గున్న చదవడం అయింది, రేపు నేను ఎక్కేవాణ్ణి అన్నాడు, నాతో అన్నట్టు లేదు, నా వైపు చూశాడు, నవ్వే మనిషి మొహంలోంచి నవ్వు తీసేస్తే ఇలా ఉంటుందని నాకు తెలియదు, ఆ తీసింది నేనే, గున్నా అన్నాను, వినపడేలాగే అన్నాను, వాడు తలుపు రెక్క పట్టుకుని, చప్పుడు కాకుండా, నా మీద వేసేశాడు.