పచ్చివాసన

నానిన బాదం గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే పొట్టు ఊడి, తెల్లటి పప్పు గిన్నెలోకి జారుతుంది. శకుంతలమ్మ అలా ఒక్కొక్కటే నొక్కుతూ పోయింది. వేడినీళ్లకు ఆమె వేళ్ల చివర్లు ముడతలు పడ్డాయి. జూబ్లీహిల్స్‌లోని ఈ ఇంట్లో ఆదివారం కూరగాయల కుర్మా చేయాలి. కొబ్బరి పెద్దాయనకు పడదు కాబట్టి అందులో బాదం ముద్దే వేస్తారు.

పప్పులో కాసిని పాలు పోసి మిక్సీ వేసింది. మూత తీసి, అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ తెలియలేదు. చలికాలంలో జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి ఆమెకు ఏ వాసనా అందడం లేదు. కృష్ణానగర్‌లో తన గది పక్కనున్న మురికికాలువ కంపు కూడా తెలియడం లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. వాసన తెలియని వంటమనిషిని ఎవరు ఉంచుకుంటారు? వంట తప్ప ఆమెకు మరో పని రాదు. రుచి చూద్దామా అంటే, దేవుడికి పెట్టకముందు నోట్లో వేసుకుంటే ఇంటావిడ సీతామహాలక్ష్మి ఒప్పుకోదు.

ఇన్నాళ్లూ ఆమె నెట్టుకొచ్చింది పెద్దాయన వల్లే. సీతామహాలక్ష్మి మామగారు కాశీవిశ్వనాథం. ఫిల్మ్‌నగర్‌లో సినిమాలకు శబ్దం రికార్డు చేసి, ముసలితనంలో ఇంటిపట్టున ఉన్న మనిషి. ఒకరోజు తాలింపు మాడుతున్నా ఆమె కదలకపోవడం చూశాడు. ఏమీ అడగలేదు. మరునాటి నుంచి మంచినీళ్ల వంకతో వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. కూర కుదిరితే "టేక్ ఓకే" అనేవాడు. పచ్చివాసన పోకపోతే "ఇంకో టేక్, శకుంతలమ్మా" అనేవాడు.

"మీ షూటింగు ఎప్పటికి ఒడుస్తది పెద్దసారూ?" అని ఆమె నవ్వేది.

"హీరో ఉల్లిపాయ కదమ్మా. లేటుగానే వస్తాడు."

ఇవాళ ఉల్లి ముద్ద వేగింది. అంచుల్లో నూనె తేలింది. బాదం ముద్ద పడి కూర చిక్కగా బుడగలు వేస్తోంది. గుమ్మంలో ఎవరూ లేరు. ఆమె మంట తగ్గించి, అడుగంటకుండా గరిటె తిప్పుతూ చూసింది.

"ఇంకా దించలేదా? చుట్టాలు వచ్చేస్తారు" అంది సీతామహాలక్ష్మి.

"పెద్దసారు లేసిండా అమ్మా?"

"టిఫిన్ తిని పడుకున్నారు. ఆయనతో నీకేంటి పని?"

"ఊకెనే అడిగిన."

ఆవిడ హాల్లోకి వెళ్లాక శకుంతలమ్మ చిన్న గిన్నెలో రెండు చెంచాల కూర వేసి కొంగు కింద దాచింది. రెండో చేత్తో గ్లాసుడు నీళ్లు పట్టుకుంది. ఇవాళ మంచినీళ్ల వంక ఆమెది.

ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"పెద్దసారూ, జర వాసన చూసి చెప్పుండ్రి."

పాదం తాకింది. చల్లగా ఉంది. కొంగు కింద కూరగిన్నె మాత్రం ఇంకా చుర్రుమంటోంది. ఆమె గ్లాసు నేల మీద పెట్టి, నెమ్మదిగా బయటికి వచ్చి ఇంటావిడను పిలిచింది.

చావు ఇంట్లో వండింది తినకూడదు. కూర పారబోయమన్నారు. కాపలా ఉండే ఓదెలు, ఆమె కలిసి గిన్నె మోసుకుని పెరట్లోకి వెళ్లారు. మూత తీయగానే ఓదెలు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏందక్కా, గీ బాదం ఎన్నటిది? ముక్కిపోయిన వాసనొస్తున్నది. ముక్కు మూసుకొని వండినవా ఏంది?"

శకుంతలమ్మ గిన్నె వంచింది. కూర మట్టిలోకి ఇంకిపోయేదాకా చూసింది. ఇంక దాన్ని ఎవరూ రుచి చూడరు, తన సంగతి ఇవాళ బయటపడదు. ఆ మాట తోచగానే గుండె తేలికపడింది. వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. కర్మలన్నీ అయ్యాక మళ్లీ పొయ్యి వెలిగించాలి. అప్పుడు గుమ్మంలో నిలబడేది ఎవరు?

సాయంత్రం ఆయనను తీసుకెళ్లాక గది కడగమన్నారు. పక్కబట్టలు తీసింది. బల్ల మీది మందుసీసాలు ఒక్కొక్కటే పక్కకు జరిపింది. వంటింటి డబ్బాలోని బాదం గింజలు పాడయ్యాయని ఆయనకు ముందే తెలిసినట్టుంది. సీసాల వెనక, విప్పని కొత్త బాదం పొట్లం గోడకు ఆనించి ఉంది.