డ్యూటీ దిగిన ముఖం

నాకు ముక్కు మీద కోపం. మూడు ఉద్యోగాలు దానివల్లే పోయాయి. నాలుగోది నిలబడిందంటే అది గురువుగారి చలవే. చనిపోయినవాళ్ళ ఒళ్ళు పాడవకుండా మందు ఎక్కించి, ముఖం సరిచేసి, చివరిచూపుకు సిద్ధం చేసే పని మాది. ఇక్కడ ఎదుటివాళ్ళు తిరిగి మాట్లాడరు, నీకు సరిగ్గా సరిపోతుందని చెప్పి చేర్చుకున్నారు. నన్ను మిరపకాయ అని పిలిచేవారు. ఇరవై రెండేళ్ళు అలాగే పిలిచారు.

ఒకరోజు పొద్దున ఆయన్నే నా బల్ల మీదికి తెచ్చారు. నిద్రలో గుండె ఆగిపోయిందట. కూతురు వచ్చేసరికి రెండు రోజులు పడుతుంది కాబట్టి మందు ఎక్కించక తప్పదు. నీవల్ల కాదేమో, ఇంకో మనిషిని పిలిపిస్తానన్నాడు మేనేజరు. పిలిపించండి, తలుపు తీస్తే ఒట్టు అన్నాను.

ఒళ్ళు కడిగాను. గడ్డం గీస్తూ తిట్టాను కూడా. మాత్రలు వేసుకోండి మహాప్రభో అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే విన్నారా?

మా పనిలో ముఖం ముందు, మందు తర్వాత. కళ్ళు, పెదాలు ఎలా పెడితే అలాగే కండ గట్టిపడిపోతుంది. తర్వాత దిద్దుదామన్నా లొంగదు. అందుకని గురువుగారు ఒక నియమం పెట్టారు. మందు ఎక్కించే మిషను నొక్కేముందు ఆ ఇంట్లో ఒకరికి ఫోను చేసి, మనిషి ఇంట్లో ఎలా ఉండేవాడో అడగాలి. ఫొటోలను నమ్మేవారు కాదు. ఫొటోలో అందరూ పరాయివాళ్ళ కోసం ముఖం పెడతారనేవారు.

ఆ రోజు నేను ఫోను చెయ్యలేదు. రోజూ చూసిన ముఖం, నాకు తెలియనిదేముంది? పెదాలు బిగించి, కనుబొమలు దగ్గరికి చేర్చి, పనిలో ఉన్నప్పుడు ఎలా ఉండేవారో అచ్చుగుద్దినట్టు పెట్టాను. నాకే గర్వంగా అనిపించింది. మెడ దగ్గర నాళంలోకి గొట్టం దించి, మిషనులో మందు నింపాను.

ఫోను మోగింది. తీయలేదు. మళ్ళీ మోగింది. నాలుగోసారికి ఒళ్ళు మండి, ఒక చేతి తొడుగు లాగి పారేసి, పనిలో ఉన్నాం, ఎవరండీ అని కసిరాను.

అవతల పిన్ని. గురువుగారి భార్యను నేను అలాగే పిలుస్తాను. నాలుక కరుచుకున్నాను.

“ఏం లేదమ్మా,” అంది పిన్ని. “పొద్దున్నించీ ఫోను దగ్గరే కూర్చున్నాను. నువ్వు అడుగుతావని.”

ఈ గదిలోకి ఆవిడ ఎన్నడూ అడుగుపెట్టలేదు. కానీ నియమం తెలుసు. ఏ ఇంటివాళ్ళు ఏం చెప్పారో ఆయన భోజనాల దగ్గర చెప్పేవారట. ఇప్పుడు తన వంతు వచ్చింది. ఏం చెప్పాలో కూడబలుక్కుని కూర్చుంది, అడిగే దిక్కే లేదు.

మందు ఎక్కించేశావా అని మెల్లగా అడిగింది. నా రెండో చెయ్యి మిషను మీట మీదే ఉంది. ఇంకా లేదు పిన్నీ అన్నాను. ఒక్క నిమిషం దాటితే ఆ మాట అనగలిగేదాన్ని కాదు. విసుగు లేకుండా నాలుగుసార్లు మోగించిన ఆవిడకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

“ఇంట్లో ఎలా ఉండేవారు పిన్నీ?”

ఇంటికి రాగానే పేపరు పట్టుకుని వాలుకుర్చీలో కూర్చునేవారట. రెండో పేజీకే కునికిపాట్లు. పేపరు తీయబోతే చాలు, పడుకోలేదు, చదువుతున్నాను అని కళ్ళు మూసుకునే దబాయించేవారట. నలభై ఏళ్ళూ ఇదే పోట్లాట, ఒక్కనాడూ ఒప్పుకున్న పాపాన పోలేదు. కుడి కనుబొమ కాస్త లేచి, ఎడమ పక్క పెదవి విడిపడి ఉంటుందట. నుదుటి మీద గీత ఉంటుందా అని అడిగాను.

“గీతా? నేనెప్పుడూ చూళ్ళేదమ్మా.”

నేను అంత కష్టపడి పెట్టింది ఆ గీతనే. ఆ చిరాకంతా మాకు, ఈ గదికి. గుమ్మం దాటి ఇంట్లోకి ఒక్క చుక్క తీసుకెళ్ళలేదన్నమాట ఆ మహానుభావుడు. నుదురు నిమిరి సాపు చేశాను. పెదవి విడదీశాను. గంట పట్టింది. నేనెన్నడూ చూడని మనిషి నా చేతుల కింద కనిపించాడు. అప్పుడు మీట నొక్కాను. ఈ పని నేర్పినందుకు, నేర్పింది మరిచిపోయినా మళ్ళీ గుర్తుచేసే మనిషిని ఇంట్లో ఉంచినందుకు, ఆయనకు పైకే థాంక్స్ చెప్పాను.

మధ్యాహ్నం పిన్ని వచ్చింది. మేనేజరు కుర్చీ వేస్తే కూర్చోలేదు. బల్ల దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. దగ్గరగా వంగి, ఆయన కనుబొమను వేలితో ఒకసారి రాసింది.

“సరే లెండి,” అంది. “చదువుతూనే ఉన్నారు. ఇంకేమీ అననులెండి.”