కొన్నచోటే అమ్మాలి

బ్రహ్మచారి గారు చివరి పరీక్ష ఏమిటో చెప్పగానే పన్నెండు మందిలో సగంమంది నవ్వారు. దేవి నవ్వలేదు.

"దినాం మీరు కూరగాయలు ఏడ కొంటరో, ఆడనే కూసొని అమ్మాలె," అన్నారాయన, చేతికంటిన మట్టి దులుపుకుంటూ. "పగటీలి పన్నెండు కొట్టేసరికి గంప ఖాళీ కావాలె. ఊకెనే ఇచ్చుడు లేదు. ఇంటోళ్ళతోని కొనిపిచ్చుడు లేదు. గట్ల అమ్మినోళ్ళకు నా జాగల పావెకరం ఏడాది పాటు ఇస్త, సొంతంగ పండిచ్చుకోండ్రి. పండిచ్చుడు సగమే. మిగిలిన సగం రానోళ్ళు సాగు షురూ చేస్తే ఆర్నెల్లకు పరేషాన్ అయితరు."

బొల్లారంలో కంటోన్మెంట్ గోడలు దాటి లోపలికి వెళితే ఆయన తోట. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాక, మందులు లేకుండా పండించడం కొత్తగా నేర్చుకోవాలనుకునేవాళ్ళకి ఆదివారాలు శిక్షణ ఇస్తున్నారు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మాదాపూర్ వైపు కంప్యూటర్ కంపెనీల్లో పనిచేసే పిల్లలే. మెడలో ఐడీ కార్డు తీయడం మరిచిపోయి, అది పేడ, గోమూత్రం కలిపిన జీవామృతం డ్రమ్ములో మునిగాక నాలుక్కరుచుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ మధ్య నలభై నాలుగేళ్ళ దేవి ఒక్కతే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పనిచేసేది.

ఆమె బీఎస్సీ విజయనగరంలో చదివింది. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక ఆ చదువుతో ఇంటి గుమ్మం దాటే అవసరం రాలేదు. భర్త సన్యాసిరాజు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కొడుకు కల్యాణ్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ఇల్లు అద్దంలా ఉంచుతుందని అపార్ట్‌మెంటులో పేరు. కానీ ఎంత తుడిచినా సాయంత్రానికి మళ్ళీ దుమ్ము. ఎంత వండినా రాత్రికి ఖాళీ గిన్నెలు. బొల్లారంలో తన మడి దగ్గర మాత్రం లెక్క వేరుగా ఉండేది. ఈ ఆదివారం చేసిన పని వచ్చే ఆదివారానికి చెరిగిపోకపోగా జానెడు ఎత్తు పెరిగి కనిపించేది. ఆ సంగతి ఎవరికైనా చెబితే నవ్వుతారేమోనని ఆమె ఎవరికీ చెప్పలేదు.

మొదట్లో తప్పులు చేయకపోలేదు. మొక్కల మొదళ్ళలో పరిచిన ఎండుటాకుల్ని చూడలేక, ఒక ఆదివారం చీపురు తీసుకుని శుభ్రంగా ఊడ్చి పారేసింది. వారం తిరిగేసరికి నేల బీటలిచ్చింది. బ్రహ్మచారి గారు ఆ పగుళ్ళలో వేలు పెట్టి చూపించి, "అమ్మా, గిది వాకిలి కాదు," అన్నారు. అంతే, మళ్ళీ చీపురు ముట్టుకోలేదు. వాడిన కొనలు గిల్లి, వేపకషాయం చల్లి, కనబడ్డ పురుగునల్లా చేత్తో ఏరి, దసరా నాటికి వంకాయలు కాయించింది. నిగనిగలాడే కాయలే గానీ నాలుగింట ఒకదానికి పురుగు తొలిచిన బెజ్జం.

పరీక్ష సంగతి ఇంట్లో చెబితే కల్యాణ్ పకపకా నవ్వాడు. "అమ్మా, ఇది నీ క్యాంపస్ ఇంటర్వ్యూ అన్నమాట. మాకంటే నీకే ముందు వచ్చింది."

సన్యాసిరాజు నవ్వలేదు. ఆయన కోపిష్టి కాడు. ఆలోచించి, అన్నం కలుపుతూ చెప్పాడు. "సరే దేవీ. ఆ పావెకరం వస్తే వెళ్ళు. రాకపోతే మటుకు ఇక్కడితో ఆపేద్దాం. ఆదివారం రెండు బస్సులు మారి పోవడం, వచ్చి మోకాళ్ళకి నూనె రాసుకోవడం. దేనికొచ్చిన బాధ ఇది?"

"అలాగేనండి," అంది దేవి. ఆ రాత్రి ఆమెకి సరిగా నిద్ర పట్టలేదు.

*

ఆదివారం పొద్దున్నే ఏ.ఎస్. రావు నగర్ మార్కెట్ వీధిలో గోనెపట్టా పరిచి, బుట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళూ నిలబడి చూసిన వీధి కూర్చుంటే వేరేగా ఉంది. మనుషుల ముఖాల కంటే ముందు చెప్పులూ సంచులూ కనిపిస్తున్నాయి. రాత్రి డ్యూటీ వాళ్ళని దింపే క్యాబులు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి.

పక్కనే ఆమె ఎప్పుడూ కూరలు కొనే ఆవిడ. ఆమె దేవిని చూసి, బుట్టని చూసి, నోట్లో తమలపాకు పక్కకి తోసింది.

"ఏందమ్మా గిది? సార్ నౌకరీ పోయిందా ఏంది?"

"లేదు. నేనే పండించాను. ఇవాళ అమ్మాలి."

"నువ్వా?" ఆవిడ ఒక వంకాయ అందుకుని తిప్పి చూసింది. "నా తాన బెండకాయలు ఒక్కొక్కటి కొస ఇరిచి చూసి గంపల పారేసి పోతవు గదా. నువ్వొస్తున్నవంటే నాకు బీపీ లేస్తది. గిప్పుడు నీకు ఎర్కైతది తియ్."

దేవికి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. "తక్కెడ ఒక్కటి ఉంటే ఇస్తావా? నాది అటూఇటూ ఊగుతోంది."

"తీస్కో. బుచ్చమ్మ తరాజు అబద్ధమాడదు."

ఆమె పేరు బుచ్చమ్మ అని దేవికి అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళలో అడగాలని తోచలేదు.

మొదటి గంట బాగానే సాగింది. మందులు కొట్టని వంకాయలు అనగానే ఒకరి తరువాత ఒకరు ఆగి కొన్నారు, బుట్ట సగానికి దిగింది. తరువాత ఎదురింటి కాంతమణి వచ్చింది. గుర్తుపట్టనట్టు దాటిపోబోయి, ఆగి, వెనక్కి వచ్చి గొంతు తగ్గించింది.

"దేవి గారూ, ఏమైనా ఇబ్బందా? మాకు చెప్పొచ్చు కదండీ."

"ఇబ్బంది ఏమీ లేదండీ. ట్రైనింగులో భాగం. కిలో ఇవ్వమంటారా?"

"ట్రైనింగా? మా తమ్ముడి కూతురు జావా ట్రైనింగ్ అవుతోంది అమీర్‌పేటలో. ఇలా రోడ్డు మీద కూర్చోబెట్టడం ఎక్కడా వినలేదమ్మా." కాంతమణి అరకిలో తీసుకుంది గానీ సంచిలో అడుగున పెట్టుకుంది.

ఆ తరువాత వచ్చింది ఇస్త్రీ నూలుచీర కట్టుకున్న ఒకావిడ. దేవికి ఆమె ఎవరో తెలియదు. ఆవిడ పట్టా ముందు కూర్చుని, కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్క కాయా ఎత్తి, తొడిమ కింద చూసి, వెలుతురుకి పట్టి, బెజ్జం ఉన్నవి ఎడమవైపు, లేనివి కుడివైపు పెట్టడం మొదలుపెట్టింది. తొందరపడలేదు. ఒక్క కాయ కూడా వదల్లేదు. బుట్టంతా అయ్యాక కుడివైపు కుప్ప తూయించుకుని, రూపాయి తగ్గించమని అడిగి, తగ్గించుకుని లేచింది.

"పురుగున్నవి ఎవరికి అంటగడతావమ్మా?" అని అడిగింది వెళ్తూ వెళ్తూ. అందులో ఎగతాళి లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

బుచ్చమ్మ ఇటు తిరిగి కూర్చుని, ముఖం కొంగులో దాచుకుని నవ్వుతోంది. "అచ్చం నువ్వే! అచ్చం నువ్వేనమ్మా. నేను దినాం పడే తక్లీఫ్ గిదే."

ఇప్పుడు దేవి దగ్గర బెజ్జాల కాయలు మాత్రమే మిగిలాయి, మూడు కిలోల పైచిలుకు. వచ్చినవాళ్ళు వంగి చూసి, నిటారై పోతున్నారు. ఒకావిడ "పురుగుందా?" అని అడిగితే దేవి "కొన్నిట్లో ఉందండీ, కోసి చూసుకోవాలి," అంది. ఆవిడ వెళ్ళిపోయింది.

"గట్ల చెప్తరా ఎవరన్న?" అంది బుచ్చమ్మ.

"మరి ఉంది కదా."

"ఉంటది. అడిగినదానికి అడిగినంత చెప్పాల్నా? మందు లేదు, మంచిగ ఉడుకుతయ్ అని చెప్పు."

దేవి ఒక కాయ తీసుకుని, బుచ్చమ్మ కత్తితో నిలువుగా కోసింది. పురుగు ఒక మూల తొలుచుకుని పోయింది. మిగిలిన కండ తెల్లగా, లేతగా ఉంది. ఆ చెక్కల్ని బుట్ట అంచున అందరికీ కనపడేలా పెట్టింది. ఒక ముసలాయన ఆగి, చూసి, తల పంకించాడు. "మూల కోసేస్తే పచ్చడికి బ్రహ్మాండంగా ఉంటుంది," అని కిలో తీసుకున్నాడు. కాలేజీ పిల్లలిద్దరు రూముకి అరకిలో పట్టుకెళ్ళారు. అక్కడ ఆగిపోయింది. ఎండ ఎక్కింది. వీధి పలచబడింది. ఎదురుగా జిరాక్స్ షాపు గడియారంలో పదకొండున్నర దాటింది.

అప్పుడు వచ్చాడు ఆ కుర్రాడు. చెమటలు కక్కుతూ వచ్చి, బుట్టలోకి చూడకుండానే, "మొత్తం ఇచ్చేయండమ్మా. ఎంతయితే అంత," అన్నాడు. మాట శ్రీకాకుళం వైపుది.

దేవి తక్కెడ అందుకుంది. ఒక్క కాయయినా తిప్పి చూడకుండా కొనే మనిషి ఆ పొద్దుటి నుంచి ఒక్కరూ తగల్లేదు. ఆమె తలెత్తింది. కుర్రాడు సంచి తెరిచి పట్టుకున్నాడు. వంటింటి పాత కర్టెను గుడ్డతో ఆమె స్వయంగా కుట్టిన సంచి. పిడి ఊడిపోకుండా రెండు వరసలు వేసిన కుట్టు కూడా కనిపిస్తోంది.

"నీ పేరేమిటి బాబూ?"

"సూరి అండి."

"ఫ్యాక్టరీలో రాజు గారి సెక్షనా?"

సూరి నేల చూపులు చూశాడు. "నాకేటీ తెలీదండి. సార్ పంపారు. మీకు చెప్పొద్దన్నారు."

"ఆయన ఎక్కడున్నారు?"

సూరి కళ్ళు జిరాక్స్ షాపు వైపు పోయాయి. షాపు పక్కన, గోడకి ఆనించిన స్కూటరు వెనక, ఒక మనిషి పేపరు బాగా ఎత్తి పట్టుకుని చదువుతున్నాడు.

దేవి తక్కెడ కింద పెట్టింది. ఆ బుట్ట ఖాళీ అయితే పావెకరం ఆమెది. బుచ్చమ్మ తప్ప చూసినవాళ్ళు లేరు. ఆమె చెప్పదు కూడా. ఏడాది పాటు ప్రతి ఆదివారం. తనదనుకోదగ్గ నేల. ఇస్తే ఏమవుతుందని మనసు రెండుసార్లు అడిగింది.

"ఇవ్వను బాబూ," అంది చివరికి. "వెళ్ళి సార్‌తో చెప్పు, ఇవి అమ్మకానికే గానీ ఇంటికి కాదని."

సూరి ఖాళీ సంచితో వెళ్ళిపోయాడు. బుచ్చమ్మ నెత్తి కొట్టుకుంది. "వచ్చిన బేరం వాపస్ పంపినవ్. నీకు పిచ్చిగిట్ల లేసిందా?"

*

పన్నెండుకి బ్రహ్మచారి గారు మోపెడ్ మీద వచ్చారు. బుట్టలోకి వంగి చూశారు. కిలోన్నర ఉంటాయేమో.

"మిగిలినయా అమ్మా?"

"మిగిలాయండీ."

బుచ్చమ్మ ఊరుకోలేకపోయింది. "సార్, గీయమ్మకు గిరాకీ రాక కాదు. వాళ్ళింటాయన మనిషిని పంపిండు. గీమెనే ఇయ్యలే."

బ్రహ్మచారి గారు దేవి వంక చూశారు. ఆయన ముఖంలో మెచ్చుకోలు ఉందేమో గానీ మాటలో రానివ్వలేదు. "ఇయ్యకుంట మంచిగ చేసిన్రు. కానీ గంప ఖాళీ కాలే. మరి జాగ ఇయ్యలేను."

"తెలుసండీ."

"మీ మడి సుత కొత్త బ్యాచ్‌కు పోతది. దీపావళి అయినంక షురూ. మళ్ళ నేర్చుకుంటనంటే మొదటికెల్లి రావాలె, అందరి లెక్కనే."

ఆయన వెళ్ళాక దేవి పట్టా మడిచింది. బుచ్చమ్మ తక్కెడని తుడిచి ఆమెకి తిరిగి ఇచ్చేసింది. మిగిలిన కాయలు బుట్టలో సర్దుతూ ఉంటే సన్యాసిరాజు వచ్చి నిలబడ్డాడు. పేపరు చంకలో నలిగిపోయి ఉంది.

"పాడుచేశానా?" అన్నాడు.

"మీరు కాదు. నాకే అమ్మడం రాలేదు."

"సూరి గాడికి చెప్పాను, బేరమాడమని. వెధవ."

దేవికి నవ్వాగలేదు. ఆయనా నవ్వాడు గానీ ఎక్కువసేపు కాదు. బుట్ట తను అందుకుని స్కూటరు ముందు పెట్టుకున్నాడు. దేవి వెనక ఎక్కింది.

"పావెకరం రాకపోతే ఆపేద్దాం అన్నారు," అంది దేవి వెనక నుంచి.

"అన్నాను."

"మరి రావాలని మనిషినెందుకు పంపారు?"

స్కూటరు వేగం తగ్గింది. ఇంటి ముందు స్టాండు వేశాక సన్యాసిరాజు అన్నాడు, తాళంచెవి వైపు చూస్తూ. "దీపావళి తరవాత పొద్దుటిపూట చలిగా ఉంటుంది. బస్సులు మానేయ్. నేను దింపుతాను."

*

కొత్త బ్యాచ్ మొదటి ఆదివారం బొల్లారంలో మంచు ఇంకా విడలేదు. దేవి ఊలు శాలువా కప్పుకుని చాప మీద కూర్చుంది. చుట్టూ అంతా కొత్త ముఖాలు. పక్కనున్న అమ్మాయి వసుధట, హైటెక్ సిటీలో టెస్టింగు ఉద్యోగం. పేడ చూసి ఇప్పటికే రెండుసార్లు ముక్కు మూసుకుంది. అవతల మడుల్లో దేవి వంగతోట పీకేసి, నేల తిరగేసి ఉంది. ఆమె అటు ఒకసారి చూసి, ఇటు తిరిగింది.

బ్రహ్మచారి గారు ఈసారి విత్తనాల దగ్గర మొదలుపెట్టలేదు. అందరి వైపూ చూసి ఒక ప్రశ్న వేశారు.

"మీలో ఎవరన్న, ఎప్పుడన్న, కూరగాయలు అమ్మిన్రా?"

పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. దేవి చెయ్యెత్తింది.

"అమ్మానండీ," అంది. అంతటితో వదిలేస్తే సగమే చెప్పినట్టనిపించింది. "కొన్ని మిగిలాయి."

"ఎందుకు మిగిలాయి ఆంటీ?" అంది వసుధ.

బ్రహ్మచారి గారు పక్కనున్న పీట లాక్కుని కూర్చున్నారు. "చెప్పుండ్రి అమ్మా," అన్నారు. "ఇయ్యాల క్లాసు ఆడికెల్లి షురూ చేద్దం."