తడి గోనెపట్టా

నేను తయారుచేసిన పెట్టెను చూసి బెంగళూరు ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. సెల్ టవర్‌కు కరెంటు అందించే పెట్టె అది. మామూలుగా బీరువా అంత ఉంటుంది. నేను దాన్ని సూట్‌కేసంత చేశాను. ఎలా చేశావని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. వేడిని బయటికి పంపే అల్యూమినియం రేకులను సగానికి సగం తగ్గించేశాను. ఏసీ గదిలో పరీక్షిస్తే ఆ తేడా ఏం తెలుస్తుంది?

మా కడప జిల్లాలో పెట్టినవి చలికాలమంతా బాగానే నడిచాయి. మే నెల వచ్చేసరికి, జమ్మలమడుగు దాటాక మైలవరం దగ్గర పెట్టింది రోజూ మధ్యాహ్నం రెండింటికి ఆగిపోతోందని ఫిర్యాదు. "మీది ప్రొద్దుటూరే కదా, వెళ్లి చూసిరా" అని మేనేజరు నన్నే పంపాడు.

టవర్ కింద కడప బండలు నిలబెట్టి కట్టిన ఇరుకు గది. లోపల నా పెట్టె మూత మీద తడి గోనెపట్టా కప్పి ఉంది. దాన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఫోటో తీసి అప్పటికప్పుడు రిపోర్టు పంపేశాను. గోనెపట్టా కప్పి గాలాడకుండా చేయడం వల్లే ఆగుతోంది, తప్పు టవర్ చూసుకునే కమాల్ బాషాది అని రాశాను.

ఆ తర్వాత వచ్చాడు బాషా, చంకలో నీళ్ల బిందెతో. మా నాన్న వయసుంటుంది.

"ఏంది మామా ఈ పట్టా? గాలి యాడ ఆడ్తాది?" అని గద్దించాను.

"తీసి చూడండి సార్, మీకే తెలుస్తాది."

తీశాను. రెండింటి దాకా కూడా నడవలేదు. పన్నెండున్నరకే పెట్టె ఆరిపోయింది. నా ఫోన్‌లో సిగ్నల్ కూడా పోయింది.

"పట్టా ఉంటే రెండు దాకన్నా లాగుతాది సార్. బండలు శానా కాలుతాండాయి. మీరు ఈ పక్కోళ్లే గదా, మీకు తెల్దా?"

తెలుసు. ఎండాకాలమంతా మా అమ్మ కిటికీలకు తడి గోనెపట్టాలే కట్టేది. వాటి చల్లదనంలో కూర్చుని చదివే నేను ఇంజనీరునయ్యాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా రిపోర్టు సంగతి చెప్పలేదు, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

బాషా పట్టా తడిపి మళ్లీ కప్పాడు. అరగంటకు పెట్టె లేచింది. సిగ్నల్ వచ్చిందో లేదో, మేనేజరు ఫోన్.

"భలే పట్టుకున్నావు సుధన్వా! ఆ బాషాను రేపటి నుంచి రావద్దని చెప్పెయ్."

ఇరుకు గది, ప్రతి మాటా బయటికి వినబడింది. బాషా చేతిలో చెంబు ఆగింది. నా వైపు చూడలేదు. కాసేపటికి మళ్లీ పట్టా మీద నీళ్లు చల్లుతూ, "మాట్లాడుకోండి సార్. నేను తడుపుతాంటా, ఫోన్ కట్ కాదు" అన్నాడు.

నా బతుకు మీద నాకే అసహ్యం వేసింది.

"సార్, నేను రాసింది అబద్ధం. పట్టా ఉండబట్టే పెట్టె ఈ మాత్రం నడుస్తోంది. రేకులు తగ్గించింది నేను. తప్పు నాది."

"హలో? సరిగా వినబడటం లేదు" అన్నాడు మేనేజరు.

బాషా ఇంకో చెంబు నీళ్లు పోశాడు. నేను గొంతు పెంచి మళ్లీ మొదటి నుంచీ చెప్పాను.