జిలేబీ మూతికి కట్టిన తాడు

మా పక్కింటి పిచ్చేశ్వరరావు మంచివాడని పెడనలో ఎవరైనా చెబితే నమ్మకండి. మా రెండు పెరళ్ళ మధ్య ఉన్న గట్టు నాది. పన్నెండేళ్ళ నుంచీ వాడు తనదంటాడు. పోనీ గట్టిగా పోట్లాడతాడా అంటే అదీ లేదు. ఆ గట్టు మీద నేను వేసిన మునగచెట్టు కాయలు తనే కోసి, నాలుగు తెచ్చి మా ఆవిడ బీబీజాన్ చేతిలో పెట్టి, "చెల్లెమ్మా, మా చెట్టు కాయలు, పులుసు పెట్టుకో" అంటాడు. ఆవిడ నవ్వుతూ పుచ్చుకుంటుంది. వాడితో నేను దెబ్బలాడే వీలు కూడా లేకుండా చేశారు ఇద్దరూ కలిసి.

సర్వేయరుగా చేసి రిటైరైన ఆదినారాయణ గారిని పిలిపించాం. ఆయన కాగితాలు చూసి, హద్దు రాళ్ళ కోసం వెతికి, రాళ్ళు ఎప్పుడో పోయాయనీ, మీలో మీరే ఏదో ఒకటి అనుకోమనీ చెప్పి టీ తాగి వెళ్ళిపోయారు.

అలా ఉండగా మా ఆవుకి పుట్టిన పెయ్యకి ఏడాది దాటింది. జెర్సీ పెయ్య. నుదుటి మీద సుడి గుండ్రంగా చుట్టుకుని ఉందని మా ఆవిడ దానికి జిలేబీ అని పేరు పెట్టింది. పేరులో ఉన్న తీపి దాని నడకలో లేదు. మెడకి పలుపు వేసి వీధిలోకి తెస్తే నాలుగు కాళ్ళూ నేలలో పాతేసేది. లేదంటే ఉన్నట్టుండి పరుగందుకునేది. ఒకరోజు అలాగే నన్ను పంటకాలవ దాకా ఈడ్చుకెళ్ళింది. గట్టు మీద నుంచుని పిచ్చేశ్వరరావు అంతా చూశాడు.

"బావా, మీ ఇద్దర్లో ఎవరు ఎవర్ని మేతకి తీసుకెళ్తున్నారు?"

నేను లేచి ఉమ్మాను. నోట్లో మట్టి ఉంది.

"ముక్కు కుట్టించి ముకుతాడు వెయ్యి. కుదురుగా వస్తుంది."

"కుట్టించను. ఆడపిల్లలా పెంచుకున్నాం."

"ఆడపిల్లకి ముక్కు కుట్టించరా ఏంటి? మా చెల్లెమ్మ ముక్కుపుడక దేనికి పెట్టుకుంది మరి?"

లోపలి నుంచి బీబీజాన్ నవ్వు వినపడింది. అదే నా కొంప ముంచింది. ఆవిడ నవ్వకపోతే నేను ఆ మాట అనేవాణ్ణి కాదు.

"మూతికి తాడు కట్టి, ముక్కు జోలికి పోకుండా దీన్ని నడిపిస్తాను. చూస్తూండు."

"నడవదు."

"నడుస్తుంది. గట్టు పందెం."

పిచ్చేశ్వరరావు నవ్వడం మానేశాడు. "నిజంగానే?"

"ఏమండీ, లోపలికి రండి" అంది బీబీజాన్. నేను వెళ్ళలేదు.

ఆదినారాయణ గారి ఎదుట మాట అనుకున్నాం. నెల గడువు. మా పాకలోంచి వీధి చివర బోరింగు దాకా నేనొక్కణ్ణే జిలేబీని నడిపించాలి. తాడు బిగియకూడదు, జారుగా వేలాడుతూనే ఉండాలి. నడిస్తే గట్టు నాది, లేకపోతే వాడిది. ఆ తర్వాత ఎవరూ ఎప్పుడూ మాట తిప్పకూడదు. కాగితం మీద సంతకాలు కూడా చేశాం.

పని మాత్రం నేను తప్పు చెయ్యలేదు. నూలు తాడు తెచ్చి, చెవుల వెనక నుంచి తిప్పి, మూతి మీదుగా చుట్టు వేసి, గడ్డం కింద నుంచి పట్టుకునేలా కట్టాను. మెడకి కడితే పశువు తన బరువంతా వేసి లాగుతుంది. మూతికి కడితే తల ఎటు తిప్పితే ఒళ్ళూ అటే తిరుగుతుంది. మొదటి నాలుగు రోజులు కట్టి వదిలేశాను, అలవాటు పడనిమ్మని. తర్వాత తల్లి పక్కన రాటకి కట్టాను. ఆ తర్వాత నడక. కొంచెం లాగి పట్టుకోవాలి, అది ఒక్క అడుగు వేసిందా, ఆ క్షణమే వదులు చెయ్యాలి. లాగడం ఎవడైనా లాగుతాడు. ఎప్పుడు వదలాలో తెలియడంలో ఉంది పనంతా.

నేను పనిచేసేది కలంకారీ అద్దకాల షెడ్డులో. సాయంత్రం రాగానే టీ అయినా తాగకుండా తాడు పట్టేవాణ్ణి. మూడో వారానికల్లా జిలేబీ నా మోకాలికి మూతి ఆనించుకుని నడిచింది. తాడు ఉయ్యాలలా వేలాడేది. రెండుసార్లు బోరింగు దాకా వెళ్ళొచ్చాం.

"బావా, గెలిచేట్టున్నావే" అన్నాడు పిచ్చేశ్వరరావు. మొహంలో రంగు లేదు. నాకు ఆ రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువ దిగింది.

పందేనికి రోజు నేనే చెప్పాను. శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యాక. మసీదు నుంచి వచ్చేవాళ్ళంతా మా వీధిలోంచే వెళ్తారు. పన్నెండేళ్ళ తగువు తెగుతుంటే నలుగురూ చూడొద్దూ?

నమాజు నుంచి నేరుగా వచ్చాను. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, పైజామా, తల మీద కొత్త టోపీ. మా తోడల్లుడు ఇర్ఫాన్ ఇచ్చిన అత్తరు కాస్త ఎక్కువే రాసుకున్నాను. గుమ్మంలోనే బీబీజాన్ ఆపింది.

"బట్టలు మార్చుకుని పట్టుకోండి."

"ఇంతమంది ముందు చినిగిన లుంగీతో నుంచోమంటావా?"

పాకలోకి వెళ్ళాను. జిలేబీ లేచి నుంచుని నన్ను చూసింది. ముక్కుపుటాలు పెద్దవి చేసి బుస్సున ఊదింది. వెళ్ళి తల్లి వెనక దాక్కుంది.

"నేనే, జిలేబీ."

అది నమ్మలేదు. ఎలాగో తాడు పట్టుకుని గడప దాటించేసరికి నాలుగు కాళ్ళూ పాతేసింది. లాగితే తాడు బిగుస్తుంది, ఓడిపోతాను. అందుకని లాగకుండా బతిమాలాను. చెయ్యి చాపితే తుమ్మింది. వీధిలో జనం పోగయ్యారు.

"సైఫుల్లా భాయ్, పెళ్ళికొడుకు నచ్చలేదేమో!" అన్నాడు సుహైల్, మా షెడ్డులోనే అచ్చులు వేసే కుర్రవెధవ.

"పెళ్ళికూతురికి సిగ్గురా, తొందరపెట్టకండి" అన్నాడు పిచ్చేశ్వరరావు.

పావుగంట గడిచింది. ఆదినారాయణ గారు వాచీ చూసుకున్నారు. అప్పుడు బీబీజాన్ దండెం మీద నుంచి నా పని లుంగీ లాక్కుని బోరింగు వైపు గబగబా నడిచింది.

ఆ లుంగీ సంగతి చెప్పాలి. షెడ్డులో నాది నల్లరంగు పని. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ కుండలో వేసి వారాల తరబడి నానబెట్టిన నీళ్ళే ఆ రంగు. రోజంతా అది లుంగీ మీద చిందుతూనే ఉంటుంది. సాయంత్రం నడిపించేటప్పుడు జిలేబీ నా మోకాలి దగ్గర నాకుతూ వచ్చేది. నా మీద ప్రేమనుకున్నాను. బీబీజాన్‌కి అది బెల్లం మీదని మొదటి నుంచీ తెలుసట. చెబితే నేను చిన్నబోతానని ఊరుకుందట.

ఆవిడ బోరింగు పక్కన నుంచుని లుంగీ విప్పి దులిపింది. "దా జిలేబీ, దా అమ్మా!"

గాలి ఇటు వీస్తోంది. జిలేబీ చెవులు నిక్కాయి. మరుక్షణం తాడు ఒరుసుకుని నా అరచెయ్యి కాలింది. వదిలేసి ఉంటే మర్యాద అయినా మిగిలేది. వదల్లేదు. పైజామాతో సహా వీధి మధ్య బురదలోంచి బోరింగు దాకా వెళ్ళాను. నేను తల ఎత్తేసరికి అది తీరిగ్గా లుంగీ అంచు నములుతోంది.

"వచ్చింది కదా! బోరింగు దాకా వచ్చింది కదా!" అన్నాను.

"వచ్చింది బావా, ఎవరు కాదన్నారు" అని పిచ్చేశ్వరరావు నన్ను లేపి బురద దులిపాడు. "కానీ అది నడక కాదు. పైగా నువ్వు నడవనే లేదు, పాకుతూ వచ్చావు."

ఆదినారాయణ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "తాడు బిగిసింది సైఫుల్లా గారూ. నేను చూశాను" అన్నారు. నవ్వు ఆపుకోవడానికి దగ్గారు.

"మీకు సాయం చేద్దామనే కదండీ" అంది బీబీజాన్. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఏడుపుకి వచ్చినవి కావు.

ఇప్పుడు జిలేబీ చక్కగా నడుస్తోంది. ముక్కు కుట్టలేదు. కావాలంటే వచ్చి చూసుకోండి. రోజూ సాయంత్రం మేమిద్దరం బోరింగు దాకా వెళ్తుంటే పిచ్చేశ్వరరావు తన అరుగు మీద నుంచి లేచి, "దారి ఇవ్వండ్రా, బావ పాకకుండా వస్తున్నాడు" అని వీధికంతా వినపడేలా అరుస్తాడు. వాడు ఇంకెన్ని రోజులు అరుస్తాడో నాకు తెలియదు. పందెం మర్నాడే ఆదినారాయణ గారు టేపు తెచ్చి గట్టు కొలిచి వాడి పేర కాగితం రాసిచ్చారు. నూట ఇరవై ఒక్క అడుగుల పొడుగు, నాలుగున్నర అడుగుల వెడల్పు. అరవైన్నర గజాలు. ఒకటింబావు సెంటు.